చేయి మారిన కాయిల్

మా గల్లీ వెనక పట్టాల మీద ఆ రోజుల్లో బొగ్గు ఇంజన్లే నడిచేవి. దబీర్‌పురా స్టేషన్‌లో బండి ఆగి మళ్ళీ కదిలినప్పుడల్లా మా బర్రెల కొట్టం రేకుల మీద మసి పడేది. వదిన పాల గిన్నెల మీద గుడ్డ కప్పేది. కరెంటుతో నడిచే రైలు ఇంజన్‌ను మా ఇంట్లో ఎవరూ కళ్ళతో చూడలేదు. అయినా మా ఇంట్లో ఇద్దరం, అన్నా నేనూ, ఆ ఇంజన్లకు ట్రాన్స్‌ఫార్మర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళం. అన్న వైండింగ్ షాపులో కాయిళ్ళు చుట్టేవాడు. నాది టెస్ట్ బే. చుట్టి, బిగించి, ఇనుప ట్యాంకులో దించి, నూనె నింపిన ట్రాన్స్‌ఫార్మర్‌ను రైల్వేకు ఇచ్చే ముందు పరీక్షించే చోటు అది.

ఫ్యాక్టరీ కంచన్‌బాగ్ దాటాక ఉండేది. కంపెనీ బస్సు పొద్దున్నే దబీర్‌పురా దర్వాజా దగ్గర మమ్మల్ని ఎక్కించుకునేది. అన్న కిటికీకి తల ఆనించి నిద్రపోయేవాడు. పాలు పిండి, పోసి, స్నానం చేసి వచ్చిన మనిషికి అదే నిద్ర. నేను పక్కన కూర్చుని చదువుకునేవాణ్ణి.

నా చదువు గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఎనిమిదో తరగతితో బడి మానేశాను. బర్రెలకు గడ్డి వేసే మనిషి కావలసివచ్చింది. ఆ తరువాత నేను చదివిందంతా మూసీ ఒడ్డున ఉన్న పెద్ద లైబ్రరీలోనే. ఆదివారం పాల పని కాగానే సైకిల్ మీద వెళ్ళి, పొడుగాటి బల్ల చివర ఫ్యాను కింద చోటు పట్టుకునేవాణ్ణి. మొదట తెలుగు పుస్తకాలు, తరువాత డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు. ఫ్యాక్టరీలో చేరాక ఎలక్ట్రికల్ పుస్తకాల బీరువా దగ్గరికి మారాను. ఒక పేజీ అర్థం కావడానికి ఒక్కోసారి పూటంతా పట్టేది. ఇంజనీర్లు కాలేజీలో చదివే పుస్తకాలే అవి. నన్ను చదవమని ఎవరూ చెప్పలేదు, చదివావా అని ఎవరూ అడగలేదు. ఈ సంగతి ఇప్పటికీ కొంచెం గర్వంగానే చెప్పుకుంటాను. అన్న మాత్రం బస్సు దిగేటప్పుడు నా చేతిలో పుస్తకం చూసి, "ఎంత దాంక వచ్చినవ్‌రా, ఇంజనీర్ సాబ్?" అనేవాడు.

పట్టాల పైన వేలాడే తీగలో పాతికవేల వోల్టులు ఉంటాయి. ఇంజన్ మోటార్లకు అంత అక్కర్లేదు. దాన్ని తగ్గించి ఇచ్చేదే ట్రాన్స్‌ఫార్మర్. ఊళ్ళో కరెంటు స్తంభాల మధ్య కూర్చునే ట్రాన్స్‌ఫార్మర్‌కు చోటుకు కొదవ లేదు. ఇంజన్‌లోది అట్లా కాదు. ఉన్న జాగాలోనే ఇమడాలి, బరువు మించకూడదు, రోజంతా కుదుపులు తినాలి. అప్పటిదాకా మా ఫ్యాక్టరీ బయటి దేశం నుంచి వచ్చిన డ్రాయింగులు పెట్టుకుని చేసేది. నేను చెప్పే ట్రాన్స్‌ఫార్మర్ మొదటిసారి మా దగ్గరే గీసింది. గీసినాయన గుంటూరు వైపు మనిషి. మేమంతా డిజైన్ సారు అనేవాళ్ళం. కాయిల్ పొట్టిగా రావాలని ఆయన చాలా నెలలు కష్టపడ్డాడు. ఆ కాయిల్ చుట్టే పని అన్నకు ఇచ్చారు.

కాయిల్ అంటే కాగితం చుట్టిన రాగి పట్టీ. దాన్ని మిషన్ మీద తిప్పుతూ గుండ్రటి డిస్కులుగా చుడతారు. కింది డిస్కుతో మొదలుపెట్టి ఒకదాని మీద ఒకటిగా పైకి పోతారు. ఒక డిస్కు నుంచి పై డిస్కుకు పోయేచోట పట్టీని వంచాలి. ఆ వంపు మీద కాగితం చిట్లకూడదు. అక్కడక్కడ నూలు పట్టీతో బిగించి ముడి వేయాలి. పాతికవేల వోల్టుల తీగ వచ్చి కలిసేది అన్నిటికన్నా పై కొసకు. అంటే మొదట చుట్టేది కింద, కరెంటు మొదట తాకేది ఆఖరున చుట్టినదాన్ని.

వైండింగ్ షాపులో ఒక పద్ధతి ఉండేది. ఏ కాగితంలోనూ రాసిలేదు. ఒకరు మొదలుపెట్టిన కాయిల్‌ను ఇంకొకరు ముట్టుకోకూడదు. కాయిల్‌తోపాటు పోయే కార్డు మీద చుట్టిన మనిషి పేరు ఒక్కటే ఉండేది. "చెయ్యి మారితే బిగువు మారతది" అనేవాడు ఉస్తాద్. ఆయన షాపులో అందరికన్నా పాత మనిషి. అన్నకు పని నేర్పింది ఆయనే. మా పక్క గల్లీలోనే ఇల్లు. తెల్లటి గడ్డం, దారంతో కట్టిన కళ్ళద్దాలు. ఎవరైనా సెలవు పెడితే ఆ మనిషి మిషన్ అట్లాగే ఆగేది. కాయిల్ మీద తెల్లగుడ్డ కప్పి ఉంచేవాళ్ళు. మేనేజర్లు విసుక్కునేవాళ్ళు, కానీ ఆ పద్ధతి మార్చడం వాళ్ళ వల్ల కాలేదు.

వానాకాలం ముగుస్తుండగా అన్నకు పచ్చకామెర్లు వచ్చాయి. కాయిల్ అప్పటికి చాలావరకు అయింది. పై కొన్ని డిస్కులే మిగిలాయి. గుడ్డ కప్పారు. రెండు మూడు రోజుల్లో వస్తానని అన్న నాతో చెప్పి పంపాడు. ఆసుపత్రిలో మంచం మీద కూడా, "గుడ్డ మీద దుమ్ము పడుతుందేమో, ఉస్తాద్‌కు చెప్పు" అన్నాడు. ఆ తరువాత ఎవరినీ గుర్తుపట్టలేదు. ఒక మధ్యాహ్నం పోయాడు.

నాకు ఏడుపు రాలేదు. దాచుకున్నానని కాదు, లేదు, అంతే. చేయవలసినవన్నీ చేశాను. పురానాపూల్ దగ్గర కార్యం అయ్యాక స్నానం చేసి ఇంటికి వచ్చి బర్రెలకు నీళ్ళు పెట్టాను. జనం వచ్చి కూర్చున్నారు, పోయారు. దినాలు కాగానే బస్సెక్కాను. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంచారు, ఎవరూ కూర్చోలేదు. నేనూ కూర్చోలేదు. పుస్తకం తెరిచాను. అక్షరాలు కనిపించాయి. మొదటి వాక్యం తరువాత రెండో వాక్యం ఎందుకు వచ్చిందో తెలియలేదు. క్యాంటీన్‌లో చాయ్ వేడిగా ఉందో చల్లారిందో పక్కవాడు చెబితే తెలిసేది. ఆ కాలమంతా నాకు అట్లాగే గుర్తుంది, గాజు పలక వెనక నుంచి చూసినట్టు.

ఒక సాయంత్రం ఉస్తాద్ మా కొట్టానికి వచ్చాడు. వదిన పాలు పిండుతోంది. ఆయన గుంజ పక్కన నిలబడ్డాడు. తరువాత నన్ను అడిగాడు.

"ఛోటే, మీ అన్న నూలు టేపుకు ఒక ముడి ఏస్తుండె. గది ఎట్ల ఏస్తరు?"

నాకు వెంటనే తట్టింది. అది బర్రెను గుంజకు కట్టే పలుపు ముడి. అన్నకు చిన్నప్పటి నుంచి వచ్చిన ముడి అదొక్కటే. నూలు పట్టీకైనా, టిఫిన్ మూటకైనా అదే వేసేవాడు. వైండింగ్ షాపులో కాయిల్ ఎవరిదో ముడి చూసి చెప్పేవాళ్ళు.

"ఎందుకు ఉస్తాద్?" అన్నాను.

"కాయిల్ మిషన్ మీదనే ఉన్నది. దించమని పైనుంచి రోజూ లొల్లి. చుట్టుడు మిగిలిందని వాళ్ళకు తెల్వదు, ముడులే బాకీ అనుకుంటున్నరు. ఎవరో ఒకరు పూరా చెయ్యాలె గద. నేనే చేస్త. చెయ్యి ఎట్లనన్న మారుతున్నది, ముడన్న మారొద్దు. కార్డు మీద వాని పేరే ఉండనిమ్మని చెప్పిన. మనోళ్ళు గీసిన పహెలా కాయిల్. అది వానిది."

వదిన చేతులు కడుక్కుని వచ్చింది. దూడను కట్టే పలుపు తీసుకుని గుంజకు ఒకసారి వేసి చూపించింది. ఉస్తాద్ కళ్ళద్దాలు పైకి జరుపుకుని వంగి చూశాడు. తాను వేశాడు. వదిన కొస పట్టి లాగింది. రాలేదు.

"గట్ల గాదు ఉస్తాద్. కొట్టానికి అగ్గి అంటుకుంటే ఒక్క గుంజుకు ఊడాలె. మీరు ఏసినదానికి బర్రె కాలి చస్తది."

"అరే, నా ఉమర్ల బర్రెను ఎప్పుడన్న కట్టిన్నా అమ్మా? మళ్ళ చూపియ్యి."

మళ్ళీ చూపించింది. ఆయన మళ్ళీ వేశాడు. చూడ్డానికి అచ్చం అట్లాగే ఉంది, లాగితే మాత్రం బిగుసుకుంటోంది. "చాలు, చూసెటోనికి తెల్వదు" అన్నాడు ఆయన. అన్న పోయాక వదిన ముఖంలో నవ్వు లాంటిది కనిపించడం అదే మొదటిసారి. వెంటనే పోయింది.

వెళ్ళేముందు ఆయన, "దర్ఖాస్తు ఇచ్చినవా అమ్మా?" అని అడిగాడు.

"ఇచ్చిన. రాగికి కాగితం చుట్టే సెక్షన్ల ఆడోళ్ళను తీసుకుంటరంట గద. అండ్లనే అడిగిన."

ఆ దరఖాస్తు మీదే అంతా ఆధారపడి ఉంది. కొట్టం స్థలం మాది కాదు. స్థలం యజమాని అక్కడ ఇళ్ళు కట్టుకుంటానని, చలికాలం పోయేలోపు ఖాళీ చేయమని ముందే చెప్పాడు. కొట్టం పోతే బర్రెలు పోతాయి, పాలు పోతాయి. వదినకు మూడేళ్ళ బిడ్డ. నా జీతం మీద బతకడానికి ఆమె ఒప్పుకోలేదు. "నీకు రేపు పెండ్లాం వస్తది, తమ్మీ. అప్పుడు నేనెవరు?" అన్నది. సర్వీసులో ఉండగా పోయిన మనిషి భార్యకు ఫ్యాక్టరీ ఉద్యోగం ఇచ్చే ఆనవాయితీ ఉంది. అదొక్కటే దారి.

చలి మొదలయ్యాక ట్రాన్స్‌ఫార్మర్ మా బేకు వచ్చింది. ట్యాంకుకు బూడిదరంగు వేసి ఉంది. లోపల అన్న కాయిల్ ఉంది. నేను దాని చుట్టూ తిరిగి తీగలు తగిలించాను. మిగతావాటికి ఎట్లా తగిలించానో దీనికీ అట్లాగే. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

మామూలు పరీక్షలన్నీ సరిపోయాయి. ఆఖరుది పిడుగు పరీక్ష. తీగ మీద పిడుగు పడితే ఆ దెబ్బ ఇంజన్‌లోకి వస్తుంది, కాయిల్ దాన్ని తట్టుకోవాలి. మా బేలో ఒక మూల మనిషికన్నా చాలా ఎత్తున పేర్చిన డబ్బాల మిషన్ ఉండేది. అది కరెంటును కూడబెట్టి ఒక్క క్షణంలో వదిలేది. పెద్ద చప్పుడు వచ్చేది. కొత్తవాళ్ళు చెవులు మూసుకునేవాళ్ళు. ముందు సగం దెబ్బ, తరువాత పూర్తి దెబ్బ. రెండుసార్లూ కాయిల్ గుండా పోయిన కరెంటు ఒక గీతగా ఫిల్ము మీద పడేది. ఆ రెండు ఫిల్ములను ఒకదాని మీద ఒకటి పెట్టి ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకోవాలి. రెండు గీతలూ ఒకటే గీతలా కనిపిస్తే లోపల ఏమీ కానట్టు. మా బేలో మంచి వార్త అంటే ఏమీ జరగకపోవడమే.

ఆ రోజు ఫిల్ములను కలిపి పట్టుకున్నది నేనే. రెండో గీత మొదట్లోనే చిన్నగా వణికింది. తరువాత పక్కకు తప్పుకుని వేరుగా పోయింది. నేను దాన్ని డిజైన్ సారు చేతికి ఇచ్చాను. ఆయన ఒకసారి, మళ్ళీ తిప్పి ఒకసారి చూశాడు. రైల్వే నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ పెన్ను మూత పెట్టుకున్నాడు.

"మొదట్లోనే ఉంది సార్. పై డిస్కుల దగ్గర," అన్నాను.

"అవునయ్యా. ఎక్కడ చదివావు?"

"లైబ్రరీల సార్." పుస్తకం పేరు చెప్పాను.

"మా కాలేజీలో ఆ పుస్తకం అట్ట కూడా ఎవరూ తీయలేదు," అన్నాడు. తరువాత గొంతు తగ్గించాడు. "నేను గీసిందాంట్లో తప్పుంటే అదే రాస్తాను. చుట్టిందాంట్లో ఉంటే అది రాయాలి. ట్యాంకు తెరిస్తేగానీ తెలియదు. మీ అన్నదని నాకు తెలుసు. ఏం చెయ్యమంటావు?"

నేను తగిలించిన తీగలు విప్పడానికి వెళ్ళాను.

మరునాడు మేనేజర్ నన్ను పిలిచాడు. చెడ్డవాడు కాదు. కూర్చోమన్నాడు కూడా. వదిన దరఖాస్తు ఆయన బల్ల మీదే ఉంది. "కాయిల్ మీ బ్రదర్‌ది కదా. రిపోర్టు వచ్చేదాకా దీన్ని పక్కన పెడుతున్నాను. ఇది అందరి కళ్ళూ ఉన్న జాబ్. మనిషి చేసిన తప్పు అని రిపోర్టులో వస్తే ఆయన సర్వీసు మీద రిమార్కు పడుతుంది. రిమార్కు ఉంటే ఇంట్లోవాళ్ళకు ఇవ్వడం నా చేతిలో ఉండదు. అర్థమైందా?" అన్నాడు. అర్థమైందని చెప్పి లేచి వచ్చాను.

సాయంత్రం బస్సులో ఉస్తాద్ నా ముందు సీట్లో కూర్చున్నాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. దర్వాజా దగ్గర దిగాక తన గల్లీ వైపు నడిచిపోయాడు.

ఇంట్లో వదిన అడిగింది. ఆమెకు అంతా చెప్పాను. కరెంటు దెబ్బ కాయిల్ అంతటా సమానంగా పరుచుకోదని, పై చుట్లలోనే కూడుకుంటుందని చెప్పాను. అర్థమయ్యేట్టు చెప్పాలని, సినిమా టాకీసు గేటు తెరవగానే జనమంతా గేటు దగ్గరే తొక్కుకున్నట్టు అన్నాను. లైబ్రరీలో చదివినదాన్ని ఇంట్లో ఎవరికైనా చెప్పింది అదే మొదటిసారి. వదిన బిడ్డకు అన్నం తినిపిస్తూ విన్నది.

"పై చుట్లు అంటే, ఉస్తాద్ చుట్టినయే గద?"

"అవును వదినా."

ఆమె చేయి కంచంలో ఆగింది. బిడ్డ నోరు తెరిచి చూస్తోంది.

"ఎవరికన్న చెప్పినవా?"

"లేదు."

"చెప్పకు. ఆయనకు నౌకరీ ఇంక ఎన్నో దినాలు లేదు. వేరే మనిషి కార్డు మీద పని చేసిండని తెలిస్తే ఏం జేస్తరో ఏమో. మనకోసం చేసిండు ఆయన."

"నీ ఉద్యోగం పోతది వదినా."

"పోతే పోతది. బర్రెలను అమ్మి ఏదో ఒకటి చేసుకుంట." బిడ్డ నోట్లో ముద్ద పెట్టి అన్నది, "కానీ తమ్మీ, మీ అన్న చెయ్యి ఖరాబని రాస్తరు గద. గది ఎట్ల?"

ఆదివారం లైబ్రరీకి వెళ్ళి అదే పుస్తకం తీశాను. దెబ్బ ఎట్లా పరుచుకుంటుందో చూపించే బొమ్మ ఉన్న పేజీ. పై కొస దగ్గర నిటారుగా పడిపోయే గీత. అన్నీ తెలిసిన విషయాలే. లైబ్రరీ మూసేదాకా ఆ పేజీ ముందే కూర్చున్నాను. ఆ పుస్తకంలో చుట్టిన మనిషి గురించి ఒక్క మాట లేదు. ఉంటుందని నేను అనుకోనూలేదు.

ట్యాంకు తెరిచిన రోజు వైండింగ్ షాపు వాళ్ళను కూడా పిలిచారు. నూనె తోడేశారు. క్రేన్ కాయిల్‌ను మెల్లగా పైకి లేపింది. నూనె ధారలుగా కారింది. ముడులన్నీ వరసగా, నూనెలో నాని గోధుమరంగులో కనిపించాయి. కింద నుంచి పైదాకా ఒక్కటే ముడి. పై నుంచి రెండో సందులో చిన్న నల్ల మచ్చ ఉంది, వేలిగోరంత. ఒక డిస్కు నుంచి ఇంకో డిస్కుకు పోయే వంపు దగ్గర. డిజైన్ సారు నిచ్చెన ఎక్కి, భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. డ్రాయింగు తెప్పించుకుని కొలత చూసుకున్నాడు. దిగి వచ్చి, కాగితం గీసిన మందానికే ఉందని, వంచేటప్పుడు అది చిట్లిందని చెప్పాడు. చెప్పేటప్పుడు ఆయన ముఖంలో తేలిక కనిపిస్తుందేమోనని చూశాను. కనిపించలేదు.

మేనేజర్ కార్డు తీసి అన్న పేరు చదివాడు. నా వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

"సాబ్," అన్నాడు ఉస్తాద్. అందరికన్నా వెనక నిలబడి ఉన్నాడు. "గవి నావి."

"ఏవి?"

"పైన డిస్కులు. వాడు దవాఖానల ఉండంగ కాయిల్ రుక్ గయా. వాడు పోయినంక నేను చుట్టిన. కార్డు మార్చొద్దని నేనే చెప్పిన. గా వంపు నా చెయ్యే. నజర్ కమ్ హో గయీ సాబ్, వంపు మీద కాగితం చిట్లితే నాకు కనపడలే. వాని డిస్కులల్ల ఒక్కటి చూపియ్యుండ్రి, గిట్ల ఉంటె."

"అన్ని ముడులూ ఒకే రకం ఉన్నాయి కదా?" అన్నాడు డిజైన్ సారు.

"నేర్చుకున్న సాబ్."

మేనేజర్ వైండింగ్ షాపు వాళ్ళను ఒక్కొక్కరినీ చూశాడు. ఒకరు తల ఊపారు. తరువాత మిగతావాళ్ళు. నేను కూడా ఊపాను. అప్పుడు నాకు ఏమనిపించిందని ఈమధ్య ఒకరు అడిగారు. కింద నూనె మరకలో క్రేన్ కొక్కెం నీడ కదలడం గుర్తుంది. ఇంకేమీ గుర్తులేదు.

ఉస్తాద్‌కు మెమో ఇచ్చారు. మిషన్ నుంచి తీసి, రిటైరయ్యేదాకా స్టోర్సులో కూర్చోబెట్టారు. పాత మనిషి కాబట్టి అంతకన్నా ఎక్కువ చేయలేదని అందరూ అన్నారు. ఆయన మాత్రం బస్సులో నాతో, "స్టోర్సుల ఫ్యాను ఉన్నది ఛోటే, మజా ఉన్నది" అన్నాడు. చుట్టడానికి అలవాటుపడ్డ చేతులను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

వదినకు ఆర్డరు వచ్చింది. బర్రెలను బహదూర్‌పురా వైపు ఒకాయన తోలుకుపోయాడు. బిడ్డను మా మేనత్త దగ్గర వదిలి, వదిన మాతో బస్సెక్కడం మొదలుపెట్టింది. మొదటిరోజు, ఎవరూ చెప్పలేదు గనక, కిటికీ పక్క ఖాళీ సీట్లో కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను.

కాగితం సెక్షన్‌లో కొత్తవాళ్ళకు ముందు కష్టం లేని పని ఇస్తారు. పనికిరాని కాయిల్ వస్తే, దాని పట్టీలు తీసి కాగితం ఒలిచి, రాగిని వేరుచేయడం. ఆ వారం వచ్చిన పనికిరాని కాయిల్ ఒక్కటే. ఇచ్చిన సూపర్‌వైజరమ్మకు అది ఎవరిదో తెలియదు. తెలిసినవాళ్ళు చెప్పేలోపే వదిన కత్తెర అందుకుందట. ఈ సంగతి నాకు మధ్యాహ్నం క్యాంటీన్‌లో తెలిసింది. తినడం ఆపి అటు నడిచాను.

షెడ్డులో కాయిల్‌ను నిలబెట్టి ఉంచారు. నూనె ఓడుతోంది. వదిన చీర కొంగు నడుముకు దోపుకుని స్టూలు మీద నిలబడి, పై నుంచి పని చేసుకుంటూ వస్తోంది. స్టోర్సు తలుపు ఎదురుగానే ఉంది. ఉస్తాద్ గడప దగ్గర నిలబడి చూస్తున్నాడు, లోపలికి రాలేదు.

ఆమె ఒక ముడి కొస పట్టి లాగింది. రాలేదు. కత్తెర పెట్టింది. తరువాతి ముడి. లాగింది, రాలేదు, కత్తిరించింది. అన్నిటినీ ముందు ఒకసారి లాగి చూస్తోంది. కత్తిరించిన ముక్కలు స్టూలు కింద పడుతున్నాయి. నల్ల మచ్చ ఉన్న చోటు దాటింది. దాని కింది డిస్కు కూడా అయిపోయింది.

ఆ తరువాతి ముడి ఒక్క గుంజుకు ఊడింది.

వదిన కొస చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడింది. తరువాత దాని పక్కది లాగింది. అది కూడా ఊడింది. ఆమె కత్తెరను స్టూలు మీద పెట్టింది.

"ఇక్కడికెల్లి మీ అన్నయి, తమ్మీ," అన్నది, నా వైపు చూడకుండానే.

నేను దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఊడిన నూలు పట్టీని నా చేతికి ఇచ్చింది. నూనెతో జారుతోంది, చల్లగా ఉంది. చల్లగా ఉందని తెలిసింది. తిండి గంట అయిపోయిందని సైరన్ మోగింది. ఉస్తాద్ స్టోర్సులోకి వెళ్ళిపోయాడు. వదిన మిగతా ముడులు కత్తెర లేకుండా విప్పడం మొదలుపెట్టింది. నేను టెస్ట్ బేకు వెళ్ళాను.